ముసురు పట్టిన మూడు రోజులు, ముగ్గురు పిల్లలు, మూడు ఫోన్లు: బోరంచలో నేను ఫెయిలైన బ్యాటరీ టెస్ట్

ఫోన్ బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చెప్పడం నా పని. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, వైఫై ఆన్ చేసి, ఒకే వీడియోను మళ్లీ మళ్లీ తిప్పి, ఫోన్ ఆగిపోయే వరకు గడియారం చూస్తాను. ఆ తర్వాత "ఒకటిన్నర రోజు హాయిగా వస్తుంది" అని రాస్తాను. ఇలా ఎన్ని ఫోన్లకు రాశానో లెక్కే లేదు. అలాంటి నేను, నా సొంతూళ్లో, మా నాయినను తేలు కుట్టిన రాత్రి, ఇంట్లో మూడు స్మార్ట్‌ఫోన్లు ఉండి కూడా ఒక్క కాల్ చేయలేకపోయాను.

మాది బోరంచ. సంగారెడ్డి జిల్లా, మనూరు మండలం. మాకు పట్నమంటే నారాయణఖేడ్, అందరం ఖేడ్ అనే అంటాం. నల్లపోచమ్మ గుడి, మంజీర ఒడ్డు, పత్తి, కంది చేన్లు, నల్లరేగడి. ఆ రేగడి వాన పడితే చెప్పు ఊడదీసి గాని వదలదు. 2025 ఆగస్టు చివర్లో వినాయక చవితికి ఊరికి వెళ్లాను. చవితి 27న. అదే 27, 28 తేదీల్లో మాకు పక్కనున్న మెదక్, కామారెడ్డి జిల్లాలను వరద ముంచెత్తిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా ఇల్లు మునగలేదు. కానీ ముసురు పట్టింది. మూడు రోజులు గడప దాటే పరిస్థితి లేదు.

ఈ ఆర్టికల్‌లో ఆ మూడు రోజులు పిల్లలతో ఏం చేశానో, ఏం తప్పు చేశానో, బయట వాన పడుతుంటే ఫోన్‌ను ఎలా వాడితే పిల్లలు కదులుతారో, ఏ గ్యాడ్జెట్ పనికొచ్చిందో, ఏది దండగో చెప్తాను.

మొదటి రోజు: అందరికీ హాయి

మా అన్నకు ముగ్గురు పిల్లలు. పెద్దోడికి పదకొండేళ్లు, నడిపిదానికి ఎనిమిది, చిన్నోడికి నాలుగు. వాళ్లు ఎదురుచూసింది మండపం కోసం. వాన మండపం మీద కప్పిన పరదాను ఎగరగొట్టింది, మధ్యాహ్నానికి కరెంటు పోయింది, మైక్ ఆగిపోయింది. వాకిట్లో మోకాలి లోతు బురద. అన్న పని మీద బీదర్ వెళ్లి, దారిలో వాగు పొంగడంతో అక్కడే ఆగిపోయాడు. వదినకు పొయ్యి దగ్గర, కొట్టం దగ్గర పని. పిల్లల బాధ్యత నాది.

నేను చేసింది అందరూ చేసేదే. ఫోన్ ఇచ్చాను. నాది ఒకటి, వదినది ఒకటి, నాయినది ఒకటి. ముగ్గురికి మూడు. ఇల్లు నిశ్శబ్దం. వాన చప్పుడు, మూడు వేర్వేరు కార్టూన్ల చప్పుడు, అంతే. నేను గొంగడి కప్పుకొని పడుకున్నాను.

"పొద్దుటి సంది ఆ డబ్బలు పట్టుకొనే కూసున్నరు. కండ్లు పోతయి బిడ్డా," అన్నది అమ్మ.

"వాన తగ్గినంక తీసుకుంటలే అమ్మా," అన్నాను.

వాన తగ్గలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. మా ఊళ్లో పిల్లల చేతికి ఫోన్ పెట్టింది పిల్లలు కాదు, పెద్దలమే. కరోనా కాలంలో 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇంట్లో ఫోనే బడి అయింది. అప్పుడు అవసరం. బడులు తెరిచాక ఆ అవసరం పోయింది, అలవాటు ఉండిపోయింది. ఆ తర్వాత వానల కోసం సెలవులు ఇచ్చిన ప్రతిసారీ, అది 2023 జూలై అయినా, 2024 సెప్టెంబర్ 2 అయినా, సెలవు అంటే ఫోన్ రోజు అనే లెక్క పిల్లల్లో స్థిరపడింది.

రెండో రోజు రాత్రి

28న కూడా కరెంటు రాలేదు. నా దగ్గర 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఉంది. "ఇంకొక్క వీడియో కాకా, చూసి ఇచ్చేస్తం" అంటే, దాన్ని కూడా పిల్లల ఫోన్లకే పెట్టాను. మధ్యాహ్నానికి అది అయిపోయింది. సాయంత్రానికి వదిన ఫోన్, నాయిన ఫోన్ రెండూ ఆఫ్. నా దాంట్లో తొమ్మిది శాతం. అత్యవసరానికి ఉంటుందిలే అని జేబులో పెట్టుకున్నాను. జేబులో ఉన్న ఫోన్ ఏం చేస్తుందో నాకు తెలిసి కూడా మరిచిపోయాను. సిగ్నల్ అంతంత మాత్రంగా ఉన్నప్పుడు ఫోన్ ఊరుకోదు. టవర్ కోసం వెతుకుతూ, ఎక్కువ పవర్‌తో సిగ్నల్ పంపుతూ ఉంటుంది. తెర వెలగకపోయినా బ్యాటరీ కరుగుతుంది.

రాత్రి తొమ్మిది దాటాక నాయిన కొట్టంలోకి వెళ్లి, తడవని కట్టెలు తీస్తుంటే పాదం మీద తేలు కుట్టింది. వానకు పుట్టల్లో, రాళ్ల కింద నీళ్లు నిండితే అవన్నీ పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్లలోకే వస్తాయి. నాయిన అరవలేదు. గోడ పట్టుకొని కూసున్నడు. చెమట పట్టింది. నేను ఫోన్ తీశాను. నల్లటి తెర.

మా పక్కింటి వాళ్ల ఫోన్ ఆఫ్. దాని పక్కింట్లో ఛార్జింగ్ లేదు. చీకట్లో, వానలో, బురదలో నాలుగో ఇంటి తలుపు కొట్టాను. అక్కడ ఉండే పెద్దమనిషి దిండు కింది నుంచి కీప్యాడ్ ఫోన్ తీసిచ్చాడు. మూడు రోజుల కింద ఛార్జ్ చేసిందట. బ్యాటరీ ఇంకా రెండు గీతలు ఉంది. 108కి ఫోన్ కలిసింది. కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయని చెప్తే, అంబులెన్స్ అవతలి రోడ్డు మీద ఆగుతుందన్నారు. ట్రాక్టర్ మీద నాయినను అక్కడి దాకా తీసుకుపోయాం. ఖేడ్ ఆస్పత్రిలో రాత్రంతా కనిపెట్టి ఉండి, పొద్దున పంపించారు. గండం గడిచింది. ఫోన్ కోసం తిరిగిన సమయం మాత్రం అర్ధగంట పైనే.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ ఆర్టికల్ అబద్ధమవుతుంది. నిరుటి దాకా నాయిన దగ్గర కూడా అలాంటి కీప్యాడ్ ఫోనే ఉండేది. "ఈ కాలంల ఇంకా డబ్బ ఫోనేంది నాయినా" అని దాన్ని తీసేసి, రివ్యూ అయిపోయిన నా పాత స్మార్ట్‌ఫోన్ ఇచ్చింది నేనే.

బ్యాటరీ ఎక్కడికి పోయింది?

ఇంటికి వచ్చాక కూర్చొని లెక్క వేశాను. చాలామందికి తెలియని మూడు విషయాలు ఇందులో ఉన్నాయి.

ఒకటి, పవర్ బ్యాంక్ లెక్క. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను రెండుసార్లు నింపుతుందని అనుకుంటాం. నింపదు. ఆ పది వేలు లోపలి సెల్ లెక్క, సుమారు 3.7 వోల్టుల దగ్గర. బయటకు వచ్చేది 5 వోల్టులు. ఆ మార్పిడిలో కొంత, కేబుల్‌లో కొంత, ఫోన్ లోపల వేడి రూపంలో కొంత పోతుంది. పవర్ బ్యాంక్ వెనక చిన్న అక్షరాల్లో "రేటెడ్ కెపాసిటీ" అని ఉంటుంది, సాధారణంగా ఆరు వేల చుట్టుపక్కల. అదే అసలు నంబర్. అంటే ఒక ఫోన్ నిండాక రెండో ఫోన్‌కు మిగిలేది కొంచెమే. కొనేటప్పుడు ముందు వైపు పెద్ద అంకె కాదు, వెనక చిన్న అంకె చూడండి.

రెండు, ఆన్‌లైన్ వీడియో. బలహీనమైన సిగ్నల్‌లో వీడియో చూస్తే తెర, స్పీకర్, మోడెమ్ మూడూ ఒకేసారి తాగుతాయి. అదే వీడియో ముందే డౌన్‌లోడ్ చేసి, ఫ్లైట్ మోడ్‌లో చూస్తే ఖర్చు బాగా తగ్గుతుంది.

మూడు, టవర్. ఎక్కువ టవర్లకు బ్యాటరీ, డీజిల్ బ్యాకప్ ఉంటుంది. కానీ ఆ బ్యాకప్‌కూ ఒక హద్దు ఉంటుంది. కరెంటు పోయి రోజు దాటితే సిగ్నల్ బలహీనపడొచ్చు. అంటే మనకు ఫోన్ ఎక్కువ అవసరమైన సమయంలోనే అది ఎక్కువ బ్యాటరీ తింటుంది.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు ఒకటే రూల్: ఒక ఫోన్ పిల్లలకు అందదు. ఏడ్చినా, అన్నం మానేసినా అందదు.

మూడో రోజు: అదే ఫోన్, వేరే పని

29న పొద్దున నాయిన మంచం మీద, కాలు దిండు మీద. ఆస్పత్రి దగ్గర నా ఫోన్ నింపుకొచ్చాను. బయట ఇంకా ముసురే. పిల్లలు రాత్రి జరిగింది చూశారు, బుగులుగా ఉన్నారు. పెద్దోడు ఒక మూలకు కూసున్నడు. "కాకా, మేం చూసుడు వల్లనేనా తాతకు ఫోన్ లేకుండైంది?" అని అడిగిండు. "కాదు, ఇచ్చిన నాది తప్పు," అన్నాను. ఆ మాట చెప్పకపోతే వాడు దాన్ని ఎన్నాళ్లు మోసేవాడో.

ఫోన్ పూర్తిగా దాచేయాలా అని ఆలోచించాను. పిల్లలు కదలాలి, రెండు అర్రలు, ఒక వసారా తప్ప చోటు లేదు. నాకు తెలిసిన పని ఫోన్లతోనే. సరే, ఫోన్ టీవీ కాకుండా పనిముట్టుగా ఉంటే ఎట్లుంటదో చూద్దామనుకున్నాను. షరతులు మూడు: ఫ్లైట్ మోడ్, తెర వీలైనంత ఆఫ్, ఎవరూ కూర్చొని చూడొద్దు. కాల్స్ కోసం వదిన ఫోన్ నింపి అల్మారా మీద పెట్టాం.

అడుగుల పోటీ

ఇప్పుడు చాలా ఫోన్లలో అడుగులు లెక్కపెట్టే సెన్సర్ ఉంటుంది. దానికి నెట్ అక్కర్లేదు, బ్యాటరీ కూడా చాలా తక్కువ తింటుంది. వంటింటి గడప నుంచి వసారా చివరి స్తంభం దాకా నడవాలి, దారిలో బియ్యం బస్తా ఎక్కి దిగాలి, మంచం కింద నుంచి పాకాలి. ఎవరు ఎక్కువ అడుగులు వేస్తే వాళ్లకు కాల్చిన మక్క కంకి.

పది నిమిషాల్లో మోసం బయటపడింది. పెద్దోడు మూలకు కూర్చొని ఫోన్‌ను చేత్తో ఊపుతున్నడు. నాలుగు వందల అడుగులు! సెన్సర్‌కు కాలు తెలియదు, ఊపు మాత్రమే తెలుసు. అప్పుడు వదిన చున్నీతో ఫోన్‌ను నడుముకు గట్టిగా కట్టాం. ఇక మోసం కుదరలేదు. నడిపిది గెలిచింది. చిన్నోడికి లెక్క అవసరం లేదు, వాడు ఊరికే ఉరికిండు.

కొంచెం పెద్ద పిల్లలుంటే ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ చూడండి. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్లది. ఫోన్‌లోని సెన్సర్లు ఏం చూస్తున్నాయో గీతల్లో చూపిస్తుంది. ఒక్కో గెంతుకు గీత ఎంత పైకి లేస్తుందో చూసి పెద్దోడు ముప్పై సార్లు గెంతిండు. చెమట పట్టింది. అదే కావాల్సింది.

వాన కొలత

లీటర్ నీళ్ల సీసా పైభాగం కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టాం. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి, గోడలు నిటారుగా మొదలయ్యే చోటి దాకా ముందే నీళ్లు పోసి అక్కడ సున్నా గీత పెట్టాం. పైన స్కేలు అతికించాం. ఒక మిల్లీమీటర్ వాన అంటే చదరపు మీటర్‌కు ఒక లీటర్ నీళ్లు. పిల్లలు గంటకోసారి గొంగడి కప్పుకొని వసారా చివరికి పరుగెత్తి, కొలిచి, గోడ మీద బొగ్గుతో రాశారు. ఫోన్ పని ఏంటంటే, గంటకోసారి అలారం, ఒక ఫొటో. అంతే.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా పడితే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. అది దాటితే అత్యంత భారీ. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్లు పడిందని చెప్పాను. పెద్దోడు స్కేలు పట్టుకొని నేల నుంచి కొలిచాడు. ఆ గీత చిన్నోడి బొడ్డు దాటింది. "ఒక్క దినానికే ఇంతనా?" అని ముగ్గురూ గోడనే చూస్తూ నిలబడ్డారు. అంకె అంటే ఏమిటో ఆ గీత చెప్పినట్టు ఏ వీడియో చెప్పదు.

ఉరుము లెక్క

ఇది ఆట, జాగ్రత్త రెండూ. మెరుపు కనపడగానే స్టాప్‌వాచ్ నొక్కాలి, ఉరుము వినపడగానే ఆపాలి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, సెకన్లను మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. ముప్పై సెకన్ల లోపు వినిపిస్తే అది పది కిలోమీటర్ల లోపే. అప్పుడు వసారాలో కూడా ఉండొద్దు, లోపలికి. చివరి ఉరుము తర్వాత అర్ధగంట దాకా బయటికి వెళ్లొద్దు. భాగహారం అంటే ముఖం తిప్పుకునే నడిపిది ఆ రోజు ఇరవై లెక్కలు చేసింది.

సిగ్నల్ ఉంటే పెద్దల ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకోండి. పుణెలోని ఐఐటీఎం శాస్త్రవేత్తలు తయారు చేసింది. చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులను చూపిస్తుంది. చేన్లోకి వెళ్లేవాళ్లకు మరీ ముఖ్యం.

తోలుబొమ్మలు

చీకటి పడ్డాక తెల్ల పంచె తాడుకు కట్టి, ఫోన్ టార్చ్ వెనక పెట్టాం. అట్టపెట్టె కోసి బొమ్మలు. ఇక్కడ ఒక చిన్న టెక్ విషయం: ఫోన్ ఎల్ఈడీ చాలా చిన్న చుక్క కాబట్టి నీడ అంచులు గీత గీసినట్టు వస్తాయి. పెద్ద లాంతరు, ట్యూబ్ లాంటి వెలుగుకు నీడ మసకబారుతుంది. టార్చ్ బ్రైట్‌నెస్ తగ్గించే ఆప్షన్ ఉన్న ఫోన్లలో కనిష్ఠానికి పెట్టండి, అదే చాలు. కథ ఏంటో తెలుసా? తాత, తేలు, ట్రాక్టర్. పెద్దోడే రాశాడు. అందులో తేలును చిన్నోడు చెప్పుతో కొట్టి చంపుతాడు. మంచం మీద నుంచి నాయిన నవ్వాడు. పిల్లల బుగులు ఆ నవ్వుతో సగం పోయింది.

అవ్వల ఆటలు

మధ్యాహ్నం అమ్మ అష్టాచెమ్మ గీసింది. చింతగింజలు ఒక వైపు అరగదీసి పాచికలు. గచ్చకాయలు తీసింది. ఫోన్‌తో పని లేదు. నేను వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టాను. అమ్మ మాటలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి వస్తాయి, మా సరిహద్దు ఊళ్ల మాట అదే. పాత వానల ముచ్చట్లు, తన చిన్నప్పటి ఆటలు గంటన్నర చెప్పింది. ఫైల్ సైజు ఒక చిన్న వీడియో కంటే తక్కువ. నా ఫోన్‌లో ఉన్న అన్నిటికంటే విలువైన ఫైల్ ఇప్పుడు అదే.

ఆ రోజంతా నా ఫోన్ వాడిన బ్యాటరీ 17 శాతం. ముందు రోజు అదే ఫోన్ మధ్యాహ్నానికే సగం దాటింది.

ఏది పనికొచ్చింది, ఏది దండగ

కీప్యాడ్ ఫోన్: ఈ లిస్టులో విన్నర్. రెండు వేల లోపే దొరుకుతుంది, స్టాండ్‌బైలో రోజుల తరబడి ఉంటుంది, టార్చ్, ఎఫ్ఎం రేడియో ఉంటాయి. ఒక్క జాగ్రత్త: జియో సిమ్ వేయాలంటే 4జీ కాలింగ్ ఉన్న కీప్యాడ్ ఫోనే కొనాలి, 2జీ ఫోన్‌లో ఆ సిమ్ పనిచేయదు. నాయినకు మళ్లీ ఒకటి కొనిచ్చాను. తీసుకొని, అటూ ఇటూ తిప్పి, "ముందే ఉండె గద," అన్నాడు. అంతకంటే గట్టి రివ్యూ నేను చదవలేదు.

ఇన్వర్టర్ బల్బు: కరెంటు ఉన్నప్పుడు హోల్డర్‌లోనే నిండి, పోయాక తనంతట తాను వెలిగేది. మూడు నాలుగు గంటలు వస్తుంది. కొట్టంలో ఇది ఒకటి ఉంటే నాయిన తేలును చూసేవాడు. ఇప్పుడు ఉంది.

పవర్ బ్యాంక్: మంచిదే, కానీ పిల్లల వీడియోలకు కాదు. ఒకటి ఎప్పుడూ నిండుగా, విడిగా దాచండి. నెలకోసారి చూసి నింపండి.

బ్లూటూత్ స్పీకర్: అనుకోని హిట్. పాట ఆగగానే కదలకుండా నిలబడే ఆట ఆడితే అరగంటలో ముగ్గురూ అలసిపోయారు. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

స్మార్ట్‌వాచ్: దండగ. పెద్దోడు పది నిమిషాలు పెట్టుకొని మరిచిపోయిండు.

వాటర్‌ప్రూఫ్ ఫోన్: ఇది ఉంటే వానలో భయం లేదని కొంటారు. ఐపీ67 అంటే మీటర్ లోతు మంచినీళ్లలో అర్ధగంట. అది ల్యాబ్‌లో, నిలకడ నీళ్లలో, కొత్త ఫోన్‌కు చేసే పరీక్ష. బురద నీళ్లకు, కింద పడి అంచు విరిగిన ఫోన్‌కు ఆ మాట వర్తించదు. నీళ్లు పోతే వారంటీ కూడా మామూలుగా రాదు. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్ ఐదు రూపాయలు. దాన్నే వాడండి.

ఈ సెట్టింగులు ఇప్పుడే చేసుకోండి

వాన మొదలయ్యాక కాదు, ఎండ ఉన్నప్పుడే. యాప్ పిన్నింగ్ ఆన్ చేస్తే పిల్లలు ఒక్క యాప్‌లోనే ఉంటారు, పిన్ లేకుండా బయటికి రాలేరు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ విభాగంలో ఉంటుంది, పేరు ఫోన్‌ను బట్టి కొంచెం మారుతుంది. డిజిటల్ వెల్‌బీయింగ్‌లో వీడియో యాప్‌కు టైమర్ పెట్టండి. పిల్లలకు సొంత ఫోన్ ఉంటే గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో రోజువారీ హద్దు పెట్టొచ్చు. బ్యాటరీ సేవర్ 20 శాతం దగ్గర కాదు, 50 దగ్గరే ఆన్ అయ్యేలా మార్చండి. లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ కాంటాక్ట్ పెట్టండి. 112 అన్ని రకాల అత్యవసరాలకు పనిచేస్తుందని, మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా వేరే నెట్‌వర్క్ అందుతుంటే దాని మీద కలవొచ్చని ఇంట్లో పెద్ద పిల్లలకు చెప్పండి. మా పెద్దోడితో తెర లాక్ తీయకుండా ఎమర్జెన్సీ కాల్ ఎక్కడ నొక్కాలో చూపించి, నొక్కకుండా పదిసార్లు ప్రాక్టీస్ చేయించాను.

ఉరుముల్లో ఫోన్ ఛార్జింగ్ పెట్టొద్దు. ఫోన్ పిడుగును పిలవదు, అది అపోహ. కానీ పిడుగు కరెంటు తీగల మీదుగా ఛార్జర్ దాకా రావచ్చు. పిల్లలు ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ పట్టుకొని ఆడటం ఆ సమయంలో అస్సలు వద్దు. ఫోన్ తడిస్తే వెంటనే ఆఫ్ చేసి, తుడిచి, గాలికి ఆరబెట్టండి. బియ్యంలో పెట్టొద్దు, ఆ పిండి, దుమ్ము పోర్ట్‌లోకి పోతాయి. పోర్ట్ ఆరేదాకా ఛార్జర్ గుచ్చొద్దు.

ఎంతసేపు ఇవ్వొచ్చు?

ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దు, ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపే. ఐదేళ్లు దాటిన పిల్లలు రోజుకు సగటున కనీసం గంటసేపు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మూడు, నాలుగేళ్ల వాళ్లకైతే రోజు మొత్తం మీద మూడు గంటల కదలిక కావాలి. వాన పడినా ఈ లెక్క మారదు. మా చిన్నోడు మొదటి రోజు నాలుగు గంటల పైనే చూశాడు. అడగాల్సిన వాడిని నేను పక్కనే గొంగడి కింద ఉన్నాను.

వీడియో పూర్తిగా మానేయమని నేను చెప్పను. మూడో రోజు సాయంత్రం కూడా అరగంట చూశారు. ముగ్గురూ ఒకే ఫోన్‌లో, ఒకే వీడియో, ముందే డౌన్‌లోడ్ చేసింది. ఏది చూడాలో కొట్లాడి తేల్చుకోవడానికే పావుగంట పట్టింది. అది కూడా కదలికే.

నా తీర్పు

ఆ రాత్రి కరెంటు వచ్చింది. ఇంట్లో బల్బులు వెలగగానే పిల్లలు కేకలు వేశారు. పెద్దోడు చేసిన మొదటి పని టీవీ పెట్టడం కాదు. అల్మారా మీద ఉన్న వదిన ఫోన్ దించి, శాతం చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు. "ఎనభై రెండు ఉన్నది కాకా," అన్నాడు. ఇప్పుడు నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా వాడు ముందు అదే చెప్తాడు, ఆ తర్వాతే మిగతా ముచ్చట.

ఇకపై నేను రాసే ప్రతి ఫోన్ రివ్యూలో ఇంకొక టెస్ట్ ఉంటుంది: బలహీనమైన సిగ్నల్‌లో, తెర ఆఫ్ చేసి, తొమ్మిది శాతం బ్యాటరీతో రాత్రంతా పెడితే, పొద్దున ఒక్క కాల్ చేయగలమా లేదా. వీడియో లూప్ కంటే మా ఊరికి అవసరమైన అంకె అదే.